రాయగడ నుంచి కోరాపుట్‌కు – పుల్లయ్యగారిని తలచుకుంటూ

నాగావళి ఒడ్డున రాయగడ, కొండల మీద కోరాపుట్. ఈ రెండు ఊళ్ళలోనూ తరాల తరబడి కాపురాలు చేస్తూన్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నవి. కొందరి తాతలు సాలూరు ఘాటీ ఎక్కి ఎడ్లబండ్ల మీద ఉప్పు, చింతపండు వర్తకానికి వచ్చారు. కొందరు జయపురం సంస్థానంలో గుమాస్తా పనికి వచ్చారు. 1931లో విజయనగరం నుంచి రాయపూర్ వరకు రైలుమార్గం పూర్తి అయిన తరువాత మరికొందరు వచ్చి స్థిరపడ్డారు. "మీ సొంత ఊరు ఏది?" అని పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే మాకు వెంటనే జవాబు తోచదు.

పిన్న వయస్కులైన పాఠకుల కోసం ఒక సంగతి ఇక్కడ చెప్పవలసి ఉన్నది. 1936 మార్చి ఆఖరు వరకు ఈ కొండలన్నీ మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. జయపురం జమీందారీ అందులో చేరి కోరాపుట్ జిల్లా అయింది. సాలూరు, పార్వతీపురం అటే ఉండిపోయాయి. మా పెద్దలు ఇల్లు కదలలేదు, పొలిమేరే కదిలింది. రాయగడ ఆ కోరాపుట్ జిల్లాలోనే చాలాకాలం ఉండి, 1992 అక్టోబరు 2న వేరే జిల్లా అయింది.

మొన్న దసరా సెలవులలో మేము సకుటుంబంగా రాయగడ నుంచి కోరాపుట్ ప్రయాణం కట్టాము. చూడముచ్చటైన కొండదారి ఒక కారణం. రెండవ కారణం అంత సంతోషకరమైనది కాదు. మన సంఘం వారి సమావేశం ఆ వారం కోరాపుట్‌లో జరగనున్నది. ఆదివారం తెలుగు తరగతిని కొనసాగించడమా, మూసివేయడమా అన్నది ఆనాటి ముఖ్య విషయం. తరగతికి వచ్చే పిల్లలు పట్టుమని పదిమంది లేరు. చర్చకు ముందు పిల్లలకూ పెద్దలకూ ఉపయోగపడే విషయం ఏదైనా పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు మాకు కబురు చేశారు. మాది ఆఫీసులో ఫైళ్ళు రాసుకునే ఉద్యోగం. ఉపన్యాసాలు అలవాటు లేదు. ఆలోచించగా ఆలోచించగా చిత్తజల్లు పుల్లయ్యగారు గుర్తుకు వచ్చారు. తెలుగు సినిమాకు మొదటి రోజుల్లో దారి వేసిన దర్శకులలో ఆయన ఒకరు. ఆయన కథ మన కథకు చాలా దగ్గరగా ఉన్నదని ఆ ప్రయాణంలోనే మాకు బాగా తెలిసివచ్చింది.

మజ్జిగౌరమ్మవారికి దణ్ణం పెట్టుకుని పొద్దున్నే స్టేషనుకు వెళ్ళాము. మజ్జిగౌరి గుడి రైల్వే స్టేషనుకు దగ్గరే. మనవారూ, ఒడియావారూ, కొండవారూ అందరూ ఆ తల్లికి మొక్కుకుంటారు. ఊరు దాటిన కొద్దిసేపటికే రైలు ఎక్కుడు పడుతుంది. రాయగడ, కోరాపుట్‌ల మధ్య 164 కిలోమీటర్ల ఈ మార్గం 1998 నాటికి గాని పూర్తి కాలేదు. అంతకు ముందు ఒక ఊరి నుంచి ఇంకొక ఊరికి పోవాలంటే బస్సులో మలుపులు తిరుగుతూ కడుపులో తిప్పుకుంటూ పోవలసిందే. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుంటే చాలును. టికిరి, లక్ష్మీపూర్ రోడ్, కాకిరిగుమ్మ అంటూ చిన్న చిన్న స్టేషన్లు వస్తాయి. సొరంగంలో దూరిన రైలు బయటకు వచ్చేసరికి ఎత్తైన వంతెన మీద ఉంటుంది. కింద లోయలో వరిమడులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. పిల్లలు సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇరవై దాటాక ఇద్దరికీ లెక్కలో తేడా వచ్చి దెబ్బలాడుకున్నారు.

మా ఎదుటి బల్ల మీద ఉద్యోగ విరమణ చేసిన ఒడియా హెడ్మాస్టరుగారు కూర్చున్నారు. మా చేతిలోని కాగితాలు చూసి "ఏమి రాసుకుంటున్నారు, ఆజ్ఞా?" అని ఒడియాలో ఆప్యాయంగా అడిగారు. సంగతి చెప్పాము. ఆయన నవ్వి, "అయితే మా మోహన్ సుందర్ దేవ్ గోస్వామిగారిని కూడా తలచుకోండి" అన్నారు. ఒడియాలో తొలి టాకీ 'సీతా బిబాహ' తీసినవారు ఆయనే. పూరీలో రాసలీల మేళం నడిపిన మనిషి. ఆ బొమ్మ 1936 ఏప్రిల్ 28న పూరీలో విడుదల అయింది. అంటే ఒరిస్సా రాష్ట్రం పుట్టిన నెలలోనే, ఇంకా పురుడు వెళ్ళకుండానే, ఒడియా భాష వెండితెర మీద మాట్లాడింది.

"ఎక్కడ తీశారో తెలుసునా?" అన్నారు మాస్టారు. "కలకత్తాలో. కాళీ ఫిలింస్ వారి స్టూడియోలో. మాకు అప్పటికి స్టూడియో ఎక్కడిది?"

ఈ మాటతో మా పది నిమిషాల ఉపన్యాసానికి దారి దొరికింది. ఎందుకంటే పుల్లయ్యగారి 'సావిత్రి'ని తీసింది కూడా కలకత్తాలోనే. 'లవకుశ' కూడా అక్కడిదే. ఒడియావారి తొలి టాకీ సీతమ్మ పెళ్ళి కథ. మన పల్లెవాళ్ళ చేత బండ్లు కట్టించి సినిమా హాళ్ళకు రప్పించిన టాకీ సీతమ్మ అడవిపాలైన కథ. రెండూ ఒక్క ఊళ్ళోనే, రెండేళ్ళ లోపల తయారైనవి.

ఇక పుల్లయ్యగారి చరిత్ర. ఆయన 1898లో కాకినాడలో జన్మించారు. (నెల్లూరు వాస్తవ్యులైన దర్శకుడు పి. పుల్లయ్యగారు వేరే. ఇద్దరినీ కలిపివేయడం మన ఇళ్ళలో మామూలు.) ఆ రోజులలో సినిమా నేర్చుకోవడానికి బడులు లేవు. మచిలీపట్నం నుంచి మద్రాసు వెళ్ళి ఫోటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు బొమ్మల యంత్రం తెప్పించి ఊరూరా ప్రదర్శనలు ఇచ్చారు. మద్రాసులో గెయిటీ థియేటరు కట్టారు. కొడుకు ప్రకాశ్‌ను ఈ విద్య నేర్చుకు రమ్మని సీమకు పంపించారు. ప్రకాశ్‌గారు ఇంగ్లండు, జర్మనీ, అమెరికా దేశాలు చూసి వచ్చి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' అనే మూకీ తీశారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న శిష్యులలో మన పుల్లయ్యగారు ఒకరు, వై.వి. రావుగారు మరొకరు.

పని నేర్చుకున్నవాడు ఊరికే ఉండలేడు గదా! పుల్లయ్యగారు కాకినాడకు తిరిగి వచ్చి, 1920ల నడుమ 'భక్త మార్కండేయ' అనే మూకీని అక్కడే తీశారు. స్టూడియో లేదు, కరెంటు దీపాల హంగు లేదు. సూర్యుడు ఎంతసేపు ఉంటే అంతసేపే పని. మబ్బు పడితే కెమెరా మూసి కూర్చోవడమే. ఆ బొమ్మ సొంత గడ్డ మీద, సొంత జనం మధ్య తయారైంది. అయితే అది మాట్లాడని బొమ్మ. తెరమీద పెదవులు కదులుతాయి. తెలుగు మాత్రం వినబడదు.

1931లో మన దేశానికి టాకీ వచ్చింది. 1932 ఫిబ్రవరిలో హెచ్.ఎం. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద' తెలుగు మాటలతో వచ్చింది. దానిని బొంబాయిలో తీశారు. మాటలు పట్టే యంత్రాలు బొంబాయిలో, కలకత్తాలో ఉండేవి గాని తెలుగునాట ఒక్కటైనా లేదు. కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీ వారు తెలుగులో బొమ్మ తీయదలచినప్పుడు పుల్లయ్యగారు అక్కడికి వెళ్ళారు. 1933లో 'సావిత్రి' వచ్చింది. రంగస్థలం మీద పేరుపడిన వేమూరి గగ్గయ్యగారు యముడు, దాసరి రామతిలకం సావిత్రి.

ఆ రోజుల టాకీ ఎట్లా తీసేవారో పిల్లలకు చెప్పితే వింతగా విన్నారు. ఇప్పటిలాగా పాట ఒకరు పాడడం, పెదవులు ఇంకొకరు కదపడం అప్పట్లో లేదు. నటించేవారే పాడాలి. కెమెరా తిరుగుతూ ఉండగానే హార్మోనియం, తబలా వాయించేవారు తెరకు కనబడకుండా పక్కన దాగి కూర్చోవాలి. మైకు ఒక్కటే. పద్యం మధ్యలో ఎవరైనా దగ్గారంటే మళ్ళీ మొదటి నుంచి మొదలు. అందుకే నాటకాలలో గొంతు ఉన్నవారిని వెతికి వెతికి కలకత్తాకు రైలెక్కించేవారు. పద్యాలు పాడే ఒక్కొక్క బృందం కుటుంబం మాదిరిగా ఆ మహానగరంలో నెలల తరబడి ఉండేది. చుట్టూ వంగభాష, నలుగురు కూర్చున్న గది లోపల తెలుగు.

1934 డిసెంబరులో 'లవకుశ' విడుదల అయింది. పారుపల్లి సుబ్బారావుగారు రాముడు, శ్రీరంజనిగారు సీత. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారు రచన చేశారు. ఆ బొమ్మ కోసం పల్లెల నుంచి బండ్లు కట్టుకుని జనం పట్నాలకు వచ్చారు. అంతవరకు సినిమా పట్నవాసుల వినోదం. రైతు కుటుంబాలను ఆడా మగా పిల్లా పెద్దా హాలుకు రప్పించిన ఖ్యాతి ఆ బొమ్మదే. అప్పటికి మా రాయగడ, కోరాపుట్, ఆ బండ్లు వచ్చిన ఊళ్ళలో కొన్నీ ఒకే జిల్లాలో ఉండేవన్న సంగతి మరువరాదు. ఏడాదిన్నర తిరగకుండానే మధ్యన గీత పడింది.

పుల్లయ్యగారికి పిల్లలంటే వల్లమాలిన నమ్మకం. 1936లో కలకత్తాలోనే 'సతీ అనసూయ', 'ధ్రువ విజయం' అనే రెండు కథలు కలిపి, పాత్రలన్నీ పిల్లల చేతనే వేయించారు. ఆ బొమ్మతో తెరకు వచ్చిన చిన్నారి కృష్ణవేణి తరువాత పెద్ద నటి, నిర్మాత అయ్యారు. 1949లో 'మన దేశం' తీసి ఎన్.టి. రామారావుగారిని సినిమాకు పరిచయం చేసింది ఆమే. నూరేళ్ళు నిండిన తరువాత 2025లో కాలధర్మం చెందారు. 1939లో కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకం 'వరవిక్రయం'ను పుల్లయ్యగారు బొమ్మగా తీసినప్పుడు భానుమతిగారు అందులో తొలిసారి నటించారు. కట్నాల దురాచారం మీద రాసిన నాటకం అది. అప్పటికామె పదమూడు పద్నాలుగేళ్ళ పిల్ల. ఆ పిల్లే 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్టు చేశారు. అంజలీదేవిగారు పుల్లయ్యగారి 'గొల్లభామ' (1947)తో పైకి వచ్చారు. రేలంగివారు ఆయన దగ్గర కలకత్తాలో చిల్లర మల్లర పనులన్నీ చేసి అనుభవం గడించారు. ఒక్క మనిషి ఇంత మందికి అక్షరాభ్యాసం చేయించారన్న మాట.

మేము ఇదంతా చెబుతూ ఉండగా రైలు దామన్‌జోడి చేరింది. అల్యూమినా కర్మాగారపు పొగగొట్టాలు చూస్తూ హెడ్మాస్టరుగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆపైన నెమ్మదిగా అన్నారు: "మాకు అంత అదృష్టం లేకపోయింది. 'సీతా బిబాహ' తరువాత ఒడియాలో ఇంకొక బొమ్మ రావడానికి 1949 దాకా ఆగవలసి వచ్చింది. పదమూడేళ్ళు! తీగ తెగిపోలేదు, నిజమే. కాని ఆ పదమూడేళ్ళలో పెరిగిన పిల్లలు తమ భాష తెర మీద వినకుండానే పెద్దవాళ్ళయ్యారు. మళ్ళీ మొదలుపెట్టడం ఎంత కష్టమో మొదలుపెట్టిన వారికే తెలుసు. మీ తరగతి మూసేముందు ఈ మాట చెప్పండి, ఆజ్ఞా."

ఆ పెద్దమనిషి కోరాపుట్‌లో దిగి, మా పిల్లల తల నిమిరి వెళ్ళిపోయారు.

కోరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తున ఉన్నది. దసరా నాటికే అక్కడ చలి. రాయగడ నుంచి వచ్చిన మా వంటి వారు శాలువలు కప్పుకుంటే అక్కడివారు నవ్వుతారు. మెట్లెక్కి జగన్నాథస్వామివారి గుడికి వెళ్ళాము. దానికి శబర శ్రీక్షేత్రమని పేరు. జగన్నాథుని మొదట కొలిచినవారు శబరులని గదా కథ! గుడి మెట్ల మీద నుంచి చూస్తే ఊరు చుట్టూ ఒకదాని వెనుక ఒకటిగా నీలికొండలు. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, ఈ జిల్లాలోనిదే. సంతలో అల్లం, పసుపు, కొండచీపుళ్ళు, ఈ కొండల మీద పండిన కాఫీ. అమ్మేవారు దేశియా మాట్లాడతారు. కొనేవారు ఒడియా, తెలుగు, హిందీ ఏది వస్తే అది మాట్లాడతారు. బేరం మాత్రం ఆగదు.

కోరాపుట్ దాకా వచ్చి జయపురం మాట చెప్పకుండా ఉండరాదు. ఆ సంస్థానాన్ని 1931 నుంచి 1951 వరకు ఏలిన విక్రమదేవ వర్మగారు ఒడియాలోనూ తెలుగులోనూ కవిత్వం చెప్పినవారు. సంస్థానం ఒరిస్సాలో చేరిన తరువాత కూడా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయన చేయూత ఆగలేదు. విశాఖపట్నంలోని ఆ సైన్సు కళాశాలకు ఆయన పేరు పెట్టారు. జయపురంలో ఒడియా పిల్లలు చదువుకునే విద్యాలయానికీ ఆయన పేరే. గీతకు ఇటువైపు ఒకటి, అటువైపు ఒకటి. రెండు భాషలను రెండు చేతులా పట్టుకున్న మహారాజు ఒకడు మన కొండల మీదనే ఉండేవాడని మన పిల్లలు తెలుసుకోవాలి.

సాయంత్రం నాలుగు గంటలకు సమావేశం మొదలైంది. వచ్చినవారు ముప్పై మందికి మించరు. మా పది నిమిషాలు మేము మాట్లాడాము. రైలులో చెప్పుకున్న విషయాలే మరింత క్లుప్తంగా చెప్పి, చివరకు ఒక లెక్క వేశాము. పుల్లయ్యగారు సొంత ఊళ్ళో తీసిన బొమ్మకు మాట లేదు. తెలుగు మాట్లాడించి పేరు తెచ్చుకున్న 'సావిత్రి', 'లవకుశ', 'వరవిక్రయం' కలకత్తావి. 1942లో జెమిని వారి 'బాలనాగమ్మ' మద్రాసుది. రంగులలో 'లవకుశ'ను ఆయన మళ్ళీ 1958లో మొదలుపెట్టారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అయిదేళ్ళయింది. మద్రాసు కూడా మనకు పరాయి రాష్ట్రమే. డబ్బు చాలక పని ఏళ్ళ తరబడి ఆగింది. లవకుశులు వేసిన పిల్లలు ఈలోగా ఎదిగిపోయారని చెప్పుకుంటారు. పుల్లయ్యగారికి ఆరోగ్యం చెడింది. అయినా వదలలేదు, కుమారుడు సి.ఎస్. రావుగారు అందుకుని పూర్తి చేశారు. 1963 మార్చి 29న విడుదల అయిన ఆ బొమ్మ పూర్తిగా రంగులలో వచ్చిన తొలి తెలుగు చిత్రం. రాముడు ఎన్.టి. రామారావుగారు, సీత అంజలీదేవిగారు, వాల్మీకి నాగయ్యగారు, సంగీతం ఘంటసాలగారు. మొదటి 'లవకుశ'లో పిల్లలు తమ గొంతుతో తామే పాడితే, రెండవదానిలో వారికి లీల, సుశీలగార్ల గొంతులు దొరికాయి. పుల్లయ్యగారు 1967లో స్వర్గస్థులయ్యారు. రెండుసార్లు లవకుశ తీశారు. రెండుసార్లూ తెలుగు నేల బయటే.

కనుక మేము సభవారికి చేసిన మనవి ఇంతే: మన భాషకు మన రాష్ట్రం తప్పనిసరి అనుకుంటే పుల్లయ్యగారికి మాట్లాడే బొమ్మ తీసే ఆశ ఉండేదే కాదు. ఆయనకు కావలసి వచ్చినవి ఒక గది, ఒక మైకు, తెలుగు గొంతులు ఓ ఇరవై. మనకు గది ఉన్నది. గొంతులు ఉన్నవి.

సభలో ఒక విద్యావంతుడు లేచి మరొక దేశపు సంగతి చెప్పారు. ఉక్రెయిన్ దేశంలో దొవ్‌జెంకో అనే గొప్ప దర్శకుడు ఉండేవాడట. 1894లో సొస్నిత్సియా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. అంటే పుల్లయ్యగారి ఈడువాడే. 1930లో 'భూమి' అనే మూకీ తీశాడు. ఉక్రెయిన్ పల్లెలు, పొద్దుతిరుగుడు పూలు, రైతులు అందులోని ప్రపంచం. తరువాత పాలకుల ఒత్తిడి వల్ల మాస్కోలో బతకవలసి వచ్చి, 1956లో ఆ చేరువనే చనిపోయాడు. మరుసటి ఏడు కీవ్ నగరంలోని స్టూడియోకు ఆయన పేరు పెట్టారు. "ఆయన మనసు పల్లెలోనే ఉండిపోయింది. మనిషి మాత్రం పరాయి నగరంలో గడిపాడు. ఇటువంటివి మనకొక్కరికే వచ్చిన కష్టాలు కావు" అన్నారాయన. సభికులు శ్రద్ధగా విన్నారు.

అయితే వ్యతిరేకంగా మాట్లాడినవారు అల్పులేమీ కారు. కోశాధికారిగారు లెక్క విప్పారు. పంతులమ్మగారి గౌరవ వేతనం, హాలు కరెంటు బిల్లు, పుస్తకాలు. చందాలు ఏటేటా తగ్గుతున్నవి. ఒక తల్లి మర్యాదగానే అడిగారు: "మా వాడికి ఒడియా, ఇంగ్లీషు, హిందీ, ట్యూషన్లు. ఆదివారం ఒక్కపూట ఆడుకుంటాడు. దానిని కూడా లాక్కోమంటారా? ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాము. చదవడం రాకపోతే ఏమి నష్టం?" ఈ ప్రశ్నకు మా దగ్గర సమాధానం లేకపోయింది. మా పెద్దవాడు కూడా తెలుగు గడగడా మాట్లాడతాడు. చదవమంటే మాత్రం కూడబలుక్కుంటాడు. ఒడియా అక్షరాలన్నీ గొడుగు వేసుకున్నట్లు ఉంటాయి, తెలుగు అక్షరాలకు తలకట్టు ఉంటుంది, కనుక ఒకదానికొకటి అడ్డం వస్తున్నవని వాడి ఫిర్యాదు.

అప్పుడు వెనుక బల్ల మీద కూర్చున్న ఒక పెద్దావిడ లేచారు. డెబ్బై అయిదు దాటిన మనిషి. పెళ్ళయి పదహారేళ్ళ వయసులో కొండెక్కి వచ్చి ఇక్కడే ముసలిదయ్యారు. ఆమె మాటలు ఆమె యాసలోనే రాస్తున్నాము.

"నాకు సదువు రాదు బాబూ అప్పుడు. లవకుశ ఆడతంది అంటే మా మామగారు లారీ మాటాడి అందర్నీ ఘాటీ దింపీసి విజయనగరం తీసికెల్లినారు. బొమ్మ సూసి నేనూ మా అత్తా ఒకటే ఏడుపు. హాలు బయట పాటల పుస్తకం అమ్మతంటే మా ఆయన కొని ఇచ్చినారు. ఇంటికొచ్చినాను. పుస్తకం సేతిలో ఉంది, పాట నోట్లో ఉంది, కానీ ఏ పాట ఎక్కడుందో తెలీదు. ఆ బెంగతోటి అచ్చరాలు నేర్సుకున్నాను. మా మరిది సెప్పీవోడు. పొయ్యి దగ్గర బొగ్గుతోటి గోడ మీద రాసీదాన్ని. ఆ పుస్తకం సదివినాక రామాయణం సదివినాను. మా ఆయన పోయినాక ఈ ఇరవై ఏళ్ళూ నాకు తోడు అదే అమ్మా. నష్టం ఏటని అడిగినావు గదా, ఇదే నష్టం. మాటాడ్డానికి మనిసి కావాల. సదూకోడానికి ఎవరూ అక్కర్లేదు."

ఆ తల్లి ఏమీ అనలేదు. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు.

చేతులెత్తించి లెక్కపెట్టగా మూడు చేతుల తేడాతో తరగతి నిలిచింది. శాశ్వతంగా కాదు, వచ్చే ఉగాది వరకు. అప్పటికి పిల్లల సంఖ్య పెరగకపోతే మళ్ళీ ఆలోచించవలసిందేనని కోశాధికారిగారు తీర్మానంలో రాయించారు. అది న్యాయమే. పద్ధతి మాత్రం మార్చారు. గుణింతాలు నెలల తరబడి వల్లించడం కాకుండా, పిల్లలకు అప్పటికే నోటికి వచ్చిన పాటలనే చేతికి ఇచ్చి చదివించాలని నిశ్చయించారు. నెలకొక ఆదివారం పాత బొమ్మ ఒకటి వేసి, మొదట్లో వచ్చే పేర్ల పట్టిక పిల్లల చేత బిగ్గరగా చదివించాలి. మొదటి నెల 'లవకుశ'. పెద్దావిడే దగ్గర కూర్చుంటానన్నారు. ప్రశ్న అడిగిన తల్లి కూడా కొడుకును ఉగాది వరకు పంపి చూస్తానన్నారు. పంపుతారా లేదా అన్నది మాఘమాసం నాటికి తెలుస్తుంది. 'సీతా బిబాహ' కథ కూడా పిల్లలకు చెప్పాలని మేము సూచించగా అందరూ ఒప్పుకున్నారు. ఈ నేల ఉప్పు తింటున్నాము. ఈ నేల వారి తొలి బొమ్మ సంగతి తెలియకపోతే మన సంగతి వారు తెలుసుకోవాలని కోరే అర్హత మనకు ఉండదు.

పాఠకులకు ఒక మనవి. మన ఇళ్ళలో ట్రంకు పెట్టెల అడుగున పాత సినిమా పాటల పుస్తకాలు, కరపత్రాలు ఉండే ఉంటాయి. చెదలు పట్టకముందే తీసి చూడండి. అవి ఉన్నవారు సంఘం కార్యదర్శిగారికి చూపితే నకళ్ళు తీయించి, అసలు ప్రతులు భద్రంగా తిరిగి ఇస్తారు. గుడారాలలో టూరింగ్ టాకీసు చూసిన పెద్దలు ఇంట్లో ఉంటే, ఏ ఊళ్ళో, ఏ బొమ్మ, ఎవరితో కలిసి చూశారో అడిగి నాలుగు వాక్యాలు తెలుగులో రాసి పంపండి. రాయడం పిల్లల చేతనే చేయించండి. అక్షరదోషాలు ఉన్నా ఫరవాలేదు. దిద్దుకోవడానికే గదా ఆదివారం తరగతి ఉన్నది.